తప్పుల డాక్టరు పరీక్ష

ఆ ఉదయం తప్పుల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి డైరెక్టరు గారు ల్యాబుకు వస్తారు. ఆయన కళ్లముందే హార్డ్ డిస్కు మీద అయస్కాంతం రుద్ది, అందులో రాసినదాన్ని పాడుచేసి, మళ్లీ పొల్లుపోకుండా రాబట్టాలి. ఆయనకు నచ్చితే మూడేళ్ల ప్రాజెక్టు బతుకుతుంది, నచ్చకపోతే మూత.

డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు. డిస్కులో ఉండేదంతా ఒకట్లు, సున్నాలే. కొన్ని చెరిగిపోయినా లెక్కగట్టి రాబట్టేలా అదనపు గుర్తులు కలపడం, సున్నాలు వరుసగా పేరుకుపోయి చదివే యంత్రం లెక్క తప్పకుండా మధ్యమధ్య ఒకట్లు వేయడం అతని ఉద్యోగం. అది ఇంట్లోకీ జొరబడింది. ఏ మాటైనా మూడుసార్లు చెబుతాడు. భార్య కాసేపు మౌనంగా ఉంటే కంగారుపడి ఊఁ కొడతాడు.

"నేనేం మాట్లాడకుండానే ఊఁ కొడతావేంటి?" అంది ఆమె, కాఫీ అందిస్తూ.

"ఖాళీ ఎక్కువైతే ప్రమాదం. ఇవాళ ఆలస్యమవుతుంది. ఆలస్యమవుతుంది. ఆలస్య..."

"మొదటిసారే వినపడింది. వెళ్లిరా."

డైరెక్టరు గారు సంచీతో పాటు అనుమానాన్నీ వెంటబెట్టుకొచ్చారు. "మీరు సిద్ధం చేసుకున్న ఫైలైతే నేనొప్పుకోను. నాది రాయండి. తెరిచి మాత్రం చూడొద్దు, రహస్యం" అంటూ సంచీలోంచి చిన్న డిస్కు తీసి, చేతికందిన ఫైలొకటి కాపీ చేయించారు. డిస్కు మళ్లీ సంచీలోకి, సంచీ బల్ల మీదికి చేరాయి.

డాక్టరు చిన్న అయస్కాంతం రుద్దాడు. ఫైలు చెక్కుచెదరలేదని పచ్చదీపం వెలిగింది.

"ఏమీ కాలేదే?" అన్నారు డైరెక్టరు గారు.

"అయింది సార్. నాలుగొందల తప్పులొచ్చాయి. దిద్దేశాం."

"నాక్కనిపించలేదు. డిస్కు గట్టిదేమో. గట్టి డిస్కుకు మీ అదనపు గుర్తులెందుకండీ?"

డాక్టరుకు ఒళ్లు మండింది. బాగా పనిచేసిన పాపానికి అసలు పనే లేదని తేల్చేశారు. ఇంకాస్త పెద్ద అయస్కాంతం రుద్దాడు. మళ్లీ పచ్చదీపమే. డైరెక్టరు గారు ఆవులించారు.

"అక్కా, అన్నిటికన్నా పెద్ద అయస్కాంతం తెద్దాం పట్టండి!" అన్నాడు.

ల్యాబంతా అక్కా అని పిలిచే పాత టెక్నీషియన్ తల అడ్డంగా ఊపింది. "వద్దు తమ్ముడూ. ముందు బల్ల మీదివన్నీ తీసి..."

"పట్టండక్కా!"

ఇద్దరూ మోసుకొచ్చి బల్ల మీద దించారో లేదో, స్టాప్లరు ఎగిరొచ్చి దానికి అతుక్కుంది. దాని వెనకే కత్తెర. ఆ వెనకే ఇనుప బకిళ్లతో సహా డైరెక్టరు గారి సంచీ. ముగ్గురూ కలిసి లాగితే సంచీ ఊడివచ్చింది గానీ, డైరెక్టరు గారు వెళ్లి కుర్చీలో కూలబడ్డారు.

ఎర్రదీపం వెలిగి, కాసేపు తటపటాయించి, పచ్చబడింది.

"చూశారా సార్! తొమ్మిది వేల తప్పులు! అన్నీ దిద్దేశాం!"

డైరెక్టరు గారు చూడలేదు. సంచీలోని తన డిస్కును కంప్యూటరుకు తగిలించి చూస్తున్నారు. అందులో ఏమీ లేదు. ఆయన గడియారం వంక చూశారు.

"రెండింటికి బోర్డు మీటింగు. అక్కడ చదవాల్సిన నివేదిక ఇందులోనే ఉంది, దానికి ఇంకో కాపీ కూడా లేదు."

"ఆ ఫైలు పేరేంటి సార్?"

చెప్పారు. డాక్టరు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఇందాక మీరిచ్చింది అదే సార్! భద్రంగా ఉంది!"

డైరెక్టరు గారు అతన్ని గట్టిగా కౌగిలించుకున్నారు. "నా ఉద్యోగం నిలబెట్టారయ్యా! ప్రింటు తీయండి, రహస్యం లేదూ గిహస్యం లేదూ!"

డాక్టరు గర్వంగా మొదటి పేజీ మీద వేలు పెట్టి చదవసాగాడు. శీర్షిక 'ఈ నెలాఖరుకు మూసివేయవలసిన ప్రాజెక్టులు'. మొదటి పంక్తి దగ్గర వేలు ఆగిపోయింది. అందులో ఉన్నది అతని ప్రాజెక్టే.

"చూశాక నిర్ణయిస్తానన్నారు కదా సార్?" అన్నాడు డాక్టరు. ఏడుపొక్కటే తక్కువ.

"నిన్ననే అయిపోయిందండీ. ఇవాళ మర్యాదకొచ్చాను" అన్నారు డైరెక్టరు గారు నొచ్చుకుంటూ, చేయి చాచి కాగితాలు అడుగుతూ.

"తమ్ముడూ, పెద్దది ఇంకా ఇక్కడే ఉంది" అని గొణిగింది అక్క.

"కాగితం మీద పనిచేయదక్కా."

కాగితాలు ఇచ్చేముందు, ఆ పంక్తిలో ఎక్కడైనా ఒక్క తప్పు దొరక్కపోతుందా అని డాక్టరు ఆశగా వెతికాడు. అతని దిద్దుబాటు అమోఘంగా ఉంది.