దిగకుండా చూసిన ఊళ్లు

ఒక ఊరిని బాగా చూడాలంటే చెయ్యాల్సిన మొదటి పని, ఆ ఊళ్లో దిగకుండా ఉండటం!

నవ్వకండి. ఇది ఆషామాషీగా అంటున్న మాట కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవం మీద నిలబడ్డ సిద్ధాంతం. సిద్ధాంతం ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కాపురముంటున్న గూడ్సు గార్డు సొలొమోను గారిది. అనుభవం మాత్రం పక్క సీట్లో కూర్చున్న ఆయన భార్య దేవమణిది.

అసలు దిగితే ఏముంది చెప్పండి? రిక్షావాడితో బేరం, గైడుతో గొడవ, నెత్తిన ఎండ, కాళ్లకి బొబ్బలు. కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి ఈ యాతన ఉందా? ఊరే ఎదురొచ్చి, మొహం చూపించి, మర్యాదగా వెనక్కి వెళ్లిపోతుంది!

దేవమణి అలా చూడని చోటు లేదు. కాశీని గంగ బ్రిడ్జి మీంచి చూసింది. తాజ్‌మహల్‌ని ఎదుటి సీటాయన తలపాగా పక్కనుంచి చూసింది. చిలికా సరస్సుని వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చూసింది. రామేశ్వరంలో మాత్రం లైను అక్కడితో అయిపోయింది కాబట్టి దిగక తప్పలేదు. అయినా సొలొమోను గారు అధైర్యపడలేదు. అదే బండి తిరిగి బయల్దేరేదాకా ఇద్దరూ ప్లాట్‌ఫారం మీదే కూర్చుని, ఇడ్లీలు తిని వచ్చేశారు.

తిరిగొచ్చాక చర్చిలో ఆడవాళ్లు చుట్టూ మూగి, "తాజ్‌మహల్ ఎలగుంటాది వదినా?" అని అడిగితే దేవమణి, "తెల్లగుంటాది" అని చెప్పేది. అందులో అబద్ధం ఏముంది?

ఇదంతా పాసు మహిమ. రైల్వే వారు ఏడాదికి ఇన్నని ఉచితంగా పాసులిస్తారు. పాసు వాడకుండా మురగబెట్టడం సొలొమోను గారి దృష్టిలో వండిన అన్నం పారబోయడం లాంటిది. అందుకని ఏటా బయల్దేరతారు, డ్యూటీ వేళకి తిరిగొస్తారు. మధ్యలో ఏ ఊరైనా తగిలితే ఆయన చెయ్యగలిగిందేమీ లేదు.

ఇంత చక్కగా నడుస్తున్న కాపురంలోకి తామ్‌లుక్ వచ్చి పడింది.

తామ్‌లుక్ ఖరగ్‌పూర్‌కి నలభై చిల్లర మైళ్లు. రూప్‌నారాయణ్ నది ఒడ్డున ఉంది. ఒకప్పుడు తామ్రలిప్తి అని పెద్ద రేవు, సింహళానికి అక్కడినుంచే ఓడలు వెళ్లేవట. ఈ సంగతి తెచ్చింది గోల్ బజార్‌లో కిరాణా కొట్టు నడిపే నాగేశ్వరమ్మ. బర్గభీమ అమ్మవారి మొక్కు తీర్చుకోవడానికి వెళ్లి, ఊరు కూడా చూసొచ్చింది. ఆవిడకి రైలు పాసు లేదు కదా పాపం, దిగక ఏం చేస్తుంది?

"ఓడలూ నేవు, ఏటీ నేదు వదినా. కానీ ఆ ఏటి గట్టు మీద కూకుంటే లేవబుద్ధి కాదు" అంది.

ఆ మాట దేవమణి మనసులో గుచ్చుకుంది. పెళ్లికి ముందు ఆమె పెరిగింది కళింగపట్నంలో, తాత దగ్గర. తాత రేవులో పడవ నడిపేవాడు. సాయంత్రాలు ఇసకలో కూర్చుని ఆ పడవ కనిపించేదాకా నీళ్లకేసి చూడటమే ఆమె పని. అలా ఊరికే కూర్చున్నది అప్పుడే. ఆ తర్వాత ఏమి చూసినా కదిలే కిటికీలోంచే చూసింది. మార్చిలో సొలొమోను గారికి రిటైర్మెంటు. క్వార్టర్ ఖాళీ చేసి బొబ్బిలి దగ్గర ఆయన అన్నగారి ఊరికి పోవాలి. అక్కడ ఏరు లేదు, సముద్రం లేదు. ఒక్కసారి, వెళ్లిపోయే లోపల ఒక్కసారి, నీటి ఒడ్డున కదలకుండా కూర్చోవాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోయింది.

అడిగింది. సొలొమోను గారు గోడకి వేలాడే రైల్వే మ్యాపు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, నల్లగీతలన్నీ వెతికారు. తామ్‌లుక్‌కి గీత లేదు!

"లైను నేని ఊరు కూడా ఊరేనేటే?" అన్నారు.

న్యాయమే కదా! పాంస్కురాలో బండి దిగి బస్సెక్కాలట. ముప్ఫై ఒక్క ఏళ్లు రైల్వే ఉప్పు తిన్న మనిషి, టిక్కెట్టు కొనుక్కుని బస్సెక్కడమా? అయినా ఆయన భార్య కోరిక తీర్చని మూర్ఖుడు కాదు. ఆ రూప్‌నారాయణే కోలాఘాట్ దగ్గర రైలు బ్రిడ్జి కిందనుంచి పోతుంది. పాసు మీద హౌరా బండెక్కి ఆ బ్రిడ్జి దాటితే సరి. ఏరు అదే, నీళ్లు అవే, కాళ్లకి బురద లేదు!

బయల్దేరారు. బ్రిడ్జి వస్తోందనగా దేవమణి కిటికీలోంచి తల బయటికి పెట్టింది. సరిగ్గా అప్పుడే ఇంజను వదిలిన బొగ్గునలుసు ఆమె కంట్లో పడింది. కొంగుతో కన్ను ఒత్తుకుని తెరిచేసరికి అవతలి గట్టు వచ్చేసింది.

"నిమిషం పది సెకన్లు," అన్నారు సొలొమోను గారు, జేబు వాచీ మూస్తూ. "సూసినావు గదా?"

తిరుగు ప్రయాణంలో ఆమె నలుసులకి దొరక్కుండా కూర్చుని, కళ్లు విప్పార్చుకుని చూసింది. ఈసారి పక్క లైను మీద గూడ్సు బండి వచ్చింది. బ్రిడ్జి పొడుగునా వేగన్లే. చూడలేకపోతే పోయె, చెప్పుకుందామని, "మా తాత పడవ..." అని మొదలెట్టింది దేవమణి. ఆమె చెబుతూనే ఉంది. చివరి వేగను దాటగానే సొలొమోను గారు ఇటు తిరిగి, "నలభై రెండు!" అన్నారు సంబరంగా.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఒకటే మాట అంది. "ఆదివారం ఆరాధన అయినాక నాగేశ్వరమ్మతో తామ్‌లుక్ ఎల్తాను. మీరు వచ్చినా సరే, రాకపోయినా సరే."

సొలొమోను గారు ఎత్తిన ముద్ద కంచంలోకి దించేశారు. గార్డు లేకుండా బండి ఎలా కదులుతుంది? నాగేశ్వరమ్మ ఎందుకు, తనే వస్తానన్నారు.

పాంస్కురాలో బస్సెక్కారు. అది నిండితే కాని కదలదట. టైంటేబుల్ లేదట! సొలొమోను గారు నాస్తికుల ఊళ్లో చిక్కుకున్న పాస్టరు గారిలా బిగుసుకుని కూర్చున్నారు. కండక్టరు వచ్చి చెయ్యి చాపాడు. ఆయన కోటు లోపలి జేబులోంచి పాసు తీసి, మడత విప్పి, ఠీవిగా అందించారు.

కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "దాదా, ఎటా రేల్ నోయ్!" అన్నాడు. ఇది రైలు కాదని ఆయనకి ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి. బస్సంతా గొల్లుమంది. దేవమణి కొంగుముడి విప్పి రెండు టిక్కెట్లు తీసుకుంది.

తామ్‌లుక్ వచ్చింది. ఇద్దరూ దిగారు! దిగి, నడిచి, ఏటి గట్టుకి చేరారు. నాగేశ్వరమ్మ అబద్ధమాడలేదు. ఓడలు లేవు, రేవూ లేదు. బురద, ఇసక తిన్నెలు, వలలు ఆరేసుకుంటున్న ఇద్దరు జాలర్లు, అవతల వెడల్పుగా నీళ్లు. దేవమణి చెప్పులు విప్పి గట్టు మీద కూర్చుంది.

సొలొమోను గారు నిలబడే ఉన్నారు. "ఇందులో సూడ్డానికేటున్నాది?" అన్నారు. దేవమణి నీళ్లకేసి చూస్తోంది. కాసేపాగి, "హాల్టు ఎంతసేపు?" అన్నారు. ఆమె కాళ్లు చాపుకుంది. నిలబడి నిలబడి కాళ్లు పీకి, రుమాలు పరుచుకుని ఆయనా కూర్చున్నారు. ఏదీ కదలడం లేదు. లెక్కపెట్టడానికి ఏమీ లేక పక్కకి తిరిగి భార్యని చూశారు. ఆమె కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి.

"ఏటే, మళ్లీ నలుసు పడినాదా?"

"నేదండీ. మా తాత పడవ ఇలగే వచ్చేది. సీకటి పడేదాకా ఇలగే కూకుని సూసేదాన్ని."

"ఈ మాట నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"సెప్పినాను. బ్రిడ్జి మీద. మీరు వేగన్లు లెక్కెడతన్నారు."

సొలొమోను గారు చాలాసేపు బూట్లకంటిన బురదని పుల్లతో గీకుతూ కూర్చున్నారు. ఇంతలో వెనక రోడ్డు మీద పాంస్కురా బస్సు హారన్ కొట్టింది. దేవమణి చప్పున లేవబోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు మరి.

ఆయన వాచీ తీశారు, చూశారు, మళ్లీ జేబులో పెట్టేశారు.

"కూకో. ఇంకో బస్సుంటాది. ఆ పడవ సంగతి మొదట్నించీ సెప్పు."

చూశారా, దిగితే ఎంత ప్రమాదమో! కాశీ కదిలించలేని మనిషి, తాజ్‌మహల్ తలతిప్పించలేని మనిషి, సర్వీసంతా ఒక్క బండినీ ఆలస్యం చెయ్యని మనిషి, గుప్పెడు బురద గట్టు మీద పాడైపోయాడు! అందుకని అయ్యలారా, పండగలకీ సెలవలకీ ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని ఎంత దూరమైనా వెళ్లండి, పాసులుంటే మరీ మంచిది. ఎక్కడా దిగకండి. దిగారా, ఇన్నేళ్లూ మీ పక్క సీట్లో కూర్చున్న మనిషి ఎవరో చూడాల్సి వస్తుంది.