ఎవరు గొప్పో తేల్చే బాధ్యత మాది

టెన్నిస్ ఆడేవాళ్ళకంటే టెన్నిస్ గురించి వాదించేవాళ్ళకే ఒళ్ళు ఎక్కువ అలుస్తుంది. నమ్మరా? నేనే సాక్ష్యం! రాకెట్ ముట్టుకుని పన్నెండేళ్ళయింది. అయినా ప్రతి ఆదివారం సాయంత్రానికి నా గొంతు బొంగురుపోతుంది, చొక్కా తడిసి ముద్దవుతుంది.

లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేయడం నా ఉద్యోగం. నా బావమరిది పళ్ళ డాక్టరు. వారమంతా ఎదుటివాళ్ళ చేత నోళ్ళు తెరిపించి, ఆదివారం మా సోఫాలో కూర్చుని తన నోరు తెరుస్తాడు. లోకంలోకెల్లా గొప్ప ఆటగాడెవరు? ఇదొక్కటే మా అజెండా. ఈ వాదనే లేకపోతే బావా బావమరుదులు ఇంకేం మాట్లాడుకుంటారు చెప్పండి? ఆస్తుల గురించా? కొంపలంటుకోవూ!

వాడిది ఇరవై నాలుగు గ్రాండ్‌స్లాములు గెలిచిన వీరుడి పార్టీ. నాది ఇరవై గెలిచిన కళాకారుడి పార్టీ. వాడు నాలుగు వందల ఇరవై ఎనిమిది వారాల నంబర్ వన్ ర్యాంకును నా నెత్తిన కొడితే, "అందానికి వారాల లెక్కేమిట్రా?" అంటాను నేను. ఇద్దరం అలిసిపోయాక, మట్టి కోర్టు మీద ఒకే టోర్నీని పద్నాలుగుసార్లు గెలిచినాయన్ని తలుచుకుని, ఓ దణ్ణం పెట్టి, మంచినీళ్ళు తాగుతాం.

కిందటి ఆదివారం ఈ యజ్ఞం సాగుతుండగా మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. కాళ్ళకు తెల్ల బూట్లు, భుజాన పొడుగాటి సంచి.

"ఏమండీ, ఇవాళ నా ఫైనల్. వస్తారా?"

"దేని ఫైనల్?"

"టెన్నిస్. మూడేళ్ళ నుంచి ఆడుతున్నాగా!"

ఆ సంచిలో ఏముందని మూడేళ్ళలో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు నేను.

బావమరిదినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. క్లబ్బులో ఇనప మెట్ల మీద ముందు వరసలో కూర్చున్నాం. అవతల ఉన్నది వ్యాయామం టీచరు, మా ఆవిడ కంటే పదేళ్ళు చిన్నది. మొదటి సెట్ పోయింది. రెండో సెట్లో మా ఆవిడ బంతి కోసం దూకి పడింది. మోకాలు దోక్కుపోయింది. లేచి, ఆ సెట్ గెలిచింది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు జలదరించింది!

మూడో సెట్ మొదలవగానే బావమరిది చెవిలో గొణిగాడు. "బావా, ఇలాంటప్పుడు మీ ఇరవై ఆయనైతే చేతులెత్తేసేవాడు."

పౌరుషం ఉన్నవాడెవడైనా ఊరుకుంటాడా? ఒకే ఏడాదిలో నాలుగు గ్రాండ్‌స్లాములూ ఊడ్చేసిన, అదీ రెండుసార్లు ఊడ్చేసిన పాతకాలపు యోధుణ్ణి సాక్ష్యానికి పిలిచాను. "ఆయనవి మొత్తం పదకొండే! అయితే గొప్పవాడు కాదంటావా?" అని నిలదీశాను. వాడు ఫోన్ తీశాడు. నేను లాక్కున్నాను. ఇంతలో చప్పట్లు!

మా ఆవిడ కప్పు పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"గెలిచాను! చివరి పాయింట్ చూశారా?"

"చూడకేం! ఆ ఫోర్‌హ్యాండ్ ఉందే, మెరుపనుకో!" అన్నాను.

"సరిగ్గా గీత మీద పడిందక్కా!" అన్నాడు పళ్ళ డాక్టరు. వాడు నాతో ఏకీభవించడం అదే మొదటిసారి.

మా ఆవిడ తువ్వాలుతో మెల్లగా మొహం తుడుచుకుంది.

"ఆ టీచరు రెండు సర్వీసులూ నెట్‌కి కొట్టి డబుల్ ఫాల్ట్ చేసింది. నేనసలు బంతి ముట్టుకోలేదు."

కారు తనే నడిపింది. పక్క సీట్లో కప్పును కూర్చోబెట్టి దానికి బెల్టు పెట్టింది. గొప్పవాళ్ళ చరిత్రంతా కంఠస్థమైన మేమిద్దరం వెనక సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. మూడో సెట్ స్కోరెంతో అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.