అన్నీ చివరి ఇళ్ళే

క్రిస్మస్ పాటల బృందం ఇల్లిల్లూ తిరగాల్సిన రోజు పొద్దున్నే, చాయ్ చల్లారేలోగా ఒక చిన్న పని ముగిద్దామని సామ్యూల్ కూర్చున్నాడు. చెన్నూరు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పే అతనికి ‘ఆర్’ అనే లెక్కల కంప్యూటర్ భాష పిచ్చి పట్టింది. ఆరు నూరైనా ‘ఆర్’ వదలడు. అందులో ఫంక్షన్ అనే ఆదేశాల మూట మరో ఫంక్షన్‌ను పుట్టిస్తుందని చదివినప్పటి నుంచి తెరిచిన నోరు మూయలేదు.

“షారోన్, గిటు చూడు! గీ ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను కంటది!”

“మరి తొట్టెల ఫంక్షన్ మనమే చెయ్యాల్నా?” అంది భార్య.

వాళ్ళ చర్చి సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. పాటలవాళ్ళకు చివరి ఇంటివాళ్ళే అన్నం పెట్టాలి. అది భారం కాదు, కిరీటం. నిరుడు ఆ కిరీటం కోసమే గొంతెత్తి పాడే రిబ్కమ్మ, గొంతు చించుకుని పాడే అనసూర్య కొట్లాడుకుని, చర్చిలో చెరో మూలకు చేరారు. ఈసారీ తగవొస్తే బృందం రెండు ముక్కలేనన్నారు పాస్టర్ గారు.

“మనిషి మాట వినరు, మిషిన్ మాటైతే వింటరు” అంటూ వరుస తేల్చే పూచీ సామ్యూల్ తీసుకున్నాడు. ఇంటికో ఫంక్షన్‌ను పుట్టించి, ఆ ఇంటి వరుస సంఖ్య దానికి అప్పజెప్పి, మీట నొక్కాడు. సందేశాలు అందరి ఫోన్లకూ గువ్వల్లా ఎగిరిపోయాయి. “దేవా, ఏం సృష్టి!” అని చేతులు జోడించాడు.

కాసేపటికే రిబ్కమ్మ ఫోన్. “తమ్మీ, నీ మిషిన్‌కు న్యాయం ఎరుక. ఎవలకు చెప్పకు, కండ్లల్ల నిప్పులు పోసుకుంటరు.”

వెంటనే అనసూర్య. “నీ మిషిన్ సల్లగుండ! ఎవలకు చెప్పకు తమ్మీ.”

ఇద్దరూ మెచ్చుకున్నారంటే రాజీ కుదిరినట్టేనని సామ్యూల్ పొంగిపోయాడు. షారోన్ వంటింటి తలుపు ఎందుకు వేసుకుందో అడగనే లేదు.

సాయంత్రం చర్చి గేటు దగ్గర ప్రకటించాడు. “మొదటి ఇల్లు అనసూర్యక్కది!”

“మొదటిదేంది? మాది ఆఖరిల్లు!” అంది అనసూర్య.

“మీదెట్లయితది? మాది!” అంది రిబ్కమ్మ.

“మాది!” “మాది!” అంటూ బృందమంతా ఫోన్లు పైకెత్తింది.

సామ్యూల్ గబగబా ల్యాప్‌టాప్ తెరిచాడు. ‘ఆర్’ మహా సోమరి. పని పడేదాకా చూడమన్నది చూడదు. ఒక్కో ఇంటి సంఖ్యనూ చెరిపి రాస్తూ ఫంక్షన్లన్నింటికీ అతను చూపించిన పలక ఒక్కటే. తీరా అవి బయలుదేరే ముందు తీరిగ్గా చూస్తే, దాని మీద చివరి ఇంటి సంఖ్యే మిగిలి ఉంది.

“అబ్బ! ఎంత బద్ధకం! ఎంత అందం!” అన్నాడు భయం మరిచి.

“అందం సంగతి పక్కన పెట్టు. గంజెడు మటన్ వండిన, ఏం జెయ్యాలె?” అని రిబ్కమ్మ ఇంతెత్తున లేచింది.

అనసూర్య ఏడాది తర్వాత ఆమెను పలకరించింది. “నువ్వు గూడ వండినవా అక్కా?”

“వండకుంట? నీదేం కూర?”

“నాటుకోడి.”

రిబ్కమ్మ గుటక మింగింది. “జర తెప్పియ్యరాదు.”

“మనింట్ల గూడ కూర ఉన్నది” అంది షారోన్ మొగుడి చెవిలో. “మనిల్లు ఆఖరుకు ప్రేమతోని పెట్టినవనుకున్న. తప్పుతోనా?”

ఇళ్ళలోంచి కూర గంజులన్నీ చర్చి వాకిట్లోకి వచ్చాయి. రిబ్కమ్మ, అనసూర్య ఒకే పళ్ళెంలో చేయి పెట్టారు.

“తప్పు రేపే దిద్దుత అక్కా” అన్నాడు సామ్యూల్.

“దిద్దినవంటే చూడు!” అంది రిబ్కమ్మ మటన్ బొక్క చీకుతూ. “వచ్చే యేడు గూడ గిట్లనే తప్పాలె.”

ఎవరిళ్ళకు వాళ్ళు చేరాక గానీ, ఒక్క పాటా పాడలేదన్న సంగతి బృందానికి గుర్తు రాలేదు.