శవంతో కలిపి అయిదుగురు

అయ్యా, నూట నలభైనాలుగో సెక్షన్ లాంటి చల్లని తల్లి ఈ లోకంలో ఇంకోటి లేదు!

స్వరాజ్యం వచ్చి రెండేళ్ళవుతోంది, తెల్లవాళ్ళ సెక్షన్ ఇంకా ఎందుకని కుర్రకారు గోల పెడుతున్నారు. ఎందుకా? హక్కుల్ని కాపాడ్డానికి! పెళ్ళినాటి పట్టుచీరని ఏ ఆడకూతురైనా రోజూ కట్టుకుంటుందా? కలరా ఉండలు వేసి పెట్టెలో దాచుకుంటుంది. గుంపుగా చేరే హక్కూ అంతే. వాడితే మాసిపోదూ?

నా మాట ఆషామాషీ కాదు. కోటబొమ్మాళి స్టేషన్లో దిగి ఎడ్లబండెక్కితే వచ్చే మా ఊళ్ళో పౌరహక్కుల సంరక్షణ సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. చేసేది బెల్లం వర్తకం. హక్కులు ఎక్కణ్ణుంచి వస్తాయంటారా? ఢిల్లీలో పెద్దలు కూర్చుని రాస్తున్నారు. అక్కణ్ణుంచి మద్రాసుకి, మద్రాసు నుంచి కలెక్టరుకి, ఆయన్నుంచి మా హెడ్డు కానిస్టేబుల్ నరసింగరావుకి వస్తాయి. దారిలో కాస్త తరుగు పోతుంది. బెల్లానికి పోదూ?

మా ఊళ్ళో అయిదుగురు ఒకచోట చేరకూడదని ఉత్తర్వు. ఎందుకో ఎవరికీ తెలీదు. వేసినాయన బదిలీ అయిపోయాడు, తీసేసే ఆయన ఇంకా రాలేదు. కానీ ఎంత మేలు జరిగిందనుకున్నారు! గంపెడు పిల్లలున్న జగన్నాధం చట్టానికి భయపడి ఇంటికి పోవడం మానేసి, మా కొట్టు అరుగు మీదే హాయిగా నిద్రపోతున్నాడు. హరికథలో దాసుగారు, ఫిడేలు, మృదంగం పోగా వినడానికి ఒక్కడికే చోటు. వంతులేసుకుని విన్నాం. నా వంతు వచ్చేసరికి సీతమ్మవారు లంకలో ఉంది. ఎలా వెళ్ళిందో నాకు తెలీదు.

ఇంతలో కూర్మయ్య పోయాడు. ఊరందరి పొలాల్లోనూ చాకిరీ చేసినవాడు, పాపం. పాడె మొయ్యడానికి నలుగురు, ముందు నిప్పుకుండతో కొడుకు అప్పలస్వామి. అయిదుగురు! హెడ్డుగారు లాఠీ అడ్డం పెట్టాడు.

"నిప్పట్టుకెళ్ళకపోతే మా అయ్యకి కొరివెలా పెట్టాల బాబూ?" అని కొడుకు ఏడుపు.

సంఘం ఉన్నది దేనికండీ? నేను కల్పించుకున్నాను. మోసేవాళ్ళలో ఒకణ్ణి మానిపించి, కొడుకునే ఒక కొమ్ము పట్టమన్నాను. ఒక చేత్తో పాడె, ఒక చేత్తో కుండ. నలుగురే!

హెడ్డుగారు మళ్ళీ లెక్కపెట్టాడు. "అయిదుగురే ఉన్నారండి. కూర్మయ్యో?"

"శవాన్ని కూడా లెక్కపెడతావటయ్యా?"

"స్వరాజ్యంలో అందరూ సమానం కదండీ! సచ్చినోడని సిన్నసూపు సూస్తే రేపు నా ఉజ్జోగం పోద్ది."

నాకు కళ్ళు చెమర్చాయి. ఎంత సమదృష్టి! పోనీ శవాన్ని ముందు పంపించేసి, మిగతావాళ్ళు తరవాత వెళ్ళండని సలహా చెప్పాను. ఎందుకో ఎవరూ మెచ్చుకోలేదు. ఎండ ముదిరింది. ముసలాయన వీధిలోనే ఉన్నాడు, ఈగలు ముసురుతున్నాయి.

అప్పుడు కూర్మయ్య పెళ్ళాం దాలమ్మ లేచింది.

"ఏటీ, మా ముసిలోడు మడిసా? బతికున్నన్నాళ్ళూ మీ పొలాల్లో ఒళ్ళిరుసుకున్నాడు. ఒక్కనాడు మడిసని నెక్కెట్టినారా? ఇప్పుడు నెక్కెడతన్నారేటి! ఒరే అప్పలసామీ, నువ్వు నిప్పట్టుకుని ముందు నడు. ఒరే, నలుగురూ ఎత్తండ్రా!"

ఎత్తారు! శ్మశానానికి ఆడవాళ్ళు వెళ్ళకూడదు కదా, అయినా ఆవిడ పాడె వెనకాలే నడిచింది. ఆవిడ వెనక వీధి వీధంతా నడిచింది. భావనపాడు నుంచి చేపలమ్ముకోడానికి వచ్చినవాళ్ళు గంపలు దించేసి నడిచారు. జగన్నాధం కూడా నిద్రలేచి వెళ్ళిపోయాడు. హెడ్డుగారు వేళ్ళు మడిచి కాసేపు లెక్కపెట్టి, వేళ్ళు చాలక టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడు.

నేను అరుగు దిగలేదు. భయం వేసిందండీ, దాచుకోవడమెందుకు? ఆ హక్కు ఢిల్లీ నుంచి రాలేదు. కలెక్టరు పంపలేదు. నేను సిఫార్సు చెయ్యలేదు. ముసల్ది నడివీధిలో నిలబడి తీసేసుకుంది! ఇలా ఎవరికి వాళ్ళు తీసేసుకుంటూ పోతే, దయతలిచి ఇచ్చేవాళ్ళం మేమేమైపోవాలండీ?