ఆటలో సున్నా మార్కులు

కోరుట్ల పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఫిన్లాండు దేశం మన బస్టాండు వెనక రెండో అంతస్తులోకి వచ్చేసింది. ఆ దేశంలో పిల్లల్ని ఏడేళ్లు నిండేదాకా బడికి పంపరట, హాయిగా ఆడుకోనిస్తారట. ఎంత గొప్ప పద్ధతి! అది మన పిల్లలకు గట్టిగా ఒంటబట్టాలంటే మూడేళ్లకే బడిలో వేయాలని అక్కడ కొత్త బడి తెరిచిన కరస్పాండెంటు రాజమౌళి గారు నిర్ణయించారు.

"ఆట లేని బాల్యం, ఇన్వర్టర్ లేని ఇల్లు! ఇకపై మన బడిలో ఆటే మెయిన్ సబ్జెక్టు. దానికో గైడు, వారం వారం టెస్టు, ర్యాంకు!" అని ప్రారంభ సభలో ఆయన గర్జించారు. తల్లిదండ్రులు చేతులు నొచ్చేలా చప్పట్లు కొట్టారు. మైదానం ఎక్కడని ఎవరూ అడగలేదు. అలాంటి చిల్లర ప్రశ్నలు అడిగే అలవాటు మనకు లేదు కదా.

టైలర్ అక్బర్ తన ఆరేళ్ల కూతురు నాహీద్‌ను అక్కడే చేర్పించాడు. తొక్కుడుబిల్లలో ఆ పిల్లను ఓడించినవాళ్లు వాడలోనే లేరు. కాబట్టి ఆటలో ఫస్టు ర్యాంకు ఖాయమనుకున్నాడు పాపం.

మొదటి టెస్టులో "ఆట వలన కలుగు ప్రయోజనములు ఐదు రాయుము" అని అడిగారు. నాహీద్ కాగితం పక్కన పెట్టి, సుద్దముక్కతో నేల మీద గడులు గీసి, రబ్బరు విసిరి, ఒంటికాలి మీద గెంతింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది. నాహీద్‌కు ఆటలో సున్నా వచ్చింది. క్రమశిక్షణలోనూ కోత పడింది.

అక్బర్ ఆ రోజే ఆటకు ట్యూషన్ మాట్లాడాడు. రోజూ సాయంత్రం, సరిగ్గా పిల్లలు వీధిలో ఆడుకునే వేళకు.

"అరే అక్బర్, పోరి పుట్టినప్పటిసంది ఆడుతనే ఉన్నది. దానికి టూషనేందిరా? నీ దిమాగ్ గిట్ల ఖరాబైందా?" అని తల్లి జోహరా బీ కేకలేసింది.

"నీకెరుక లేదు అమ్మీ. పోరికి బేసిక్స్ వీకున్నయట" అన్నాడు అక్బర్ దిగులుగా.

నాహీద్ చలికాలమంతా చదివింది. ఆట నిర్వచనం, ఆటల రకాలు, గెంతుటకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు కళ్లు మూసుకుని అప్పజెప్పింది. చివరి పరీక్షలో ఫస్టు ర్యాంకు! జగిత్యాల రోడ్డు పొడవునా ఆ పిల్ల ఫ్లెక్సీలే.

సెలవులిచ్చిన సాయంత్రం పక్కింటి స్వర్ణ వీధిలో గడులు గీసి, "రావే నాహీద్, ఆడుకుందాం" అని పిలిచింది. నాహీద్ గడప మీంచి లేవలేదు.

"పరీక్షలైపోయినయి గద. ఇగ ఎందుకు ఆడుడు?"

జోహరా బీకి ఏడుపు ఆగలేదు. మనం మాత్రం ఫ్లెక్సీల కింద బండ్లాపి బడి ఫోన్ నంబరు సెల్లులో ఎక్కించుకుంటున్నాం. వచ్చే ఏడు నిద్ర కూడా సబ్జెక్టేనట. మా చిన్నోడు అందులో కాస్త వీకు.