ఆరబెట్టిన గొడుగు

షాంఘైలో ఆ ఆదివారం పొద్దున్నే సువర్చలమ్మ పట్టుచీర కట్టుకుని, పులిహోర డబ్బా పట్టుకుని తయారైపోయింది. కొడుకు విహారి ప్రేమించిన వెన్‌జింగ్ తల్లిని పీపుల్స్ పార్కు పక్క హోటల్లో మొదటిసారి కలవాలి. ఆవిడ ఊఁ అంటేనే పెళ్లి. కుర్రాడు భారతీయుడన్న ముక్క ఆవిడకింకా చెప్పనే లేదు.

"నేను వెన్‌జింగ్‌ని తీసుకొస్తా. అందాకా పార్కులో ఓ మూల కూర్చో. ఎవరితోనూ మాట్లాడకు," అన్నాడు విహారి.

మాట్లాడకపోతే సువర్చలమ్మకు ఆయాసం వస్తుంది. పైగా రెండేళ్లుగా కూరల బజారులో బేరాలాడి చైనా భాషను బాగానే లొంగదీసుకుంది.

ఆవిడ పార్కుకు చేరేసరికి జల్లు ఆగింది. తడిసిన గొడుగు విప్పి నేలమీద ఆరబెట్టింది. పారేసుకుంటుందేమోనని దాని మీద విహారి ఎప్పుడో తన పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ అంటించాడు. ఆదివారంనాడు ఆ పార్కులో నేలమీద గొడుగు విప్పి పెట్టారంటే ఇంట్లో పెళ్లీడు బిడ్డ ఉన్నట్టు చాటింపు. చుట్టూ బోలెడన్ని గొడుగులున్నాయి. పాపం అందరూ తడిశారు కాబోలనుకుంది సువర్చలమ్మ.

నిమిషంలో జనం మూగారు.

"అబ్బాయి ఎత్తెంత?"

"ఫ్లాటు సొంతమేనా?"

ఎంత ఆప్యాయత! సువర్చలమ్మ పొంగిపోయింది. అన్నిటికీ జవాబులిచ్చి, ఫొటో చూపించి, పులిహోర పంచింది. వాళ్లు గొడుగు మీది నంబరు ఫోన్లలోకి ఎక్కించుకున్నారు.

అక్కడ టాక్సీలో విహారి ఫోను మోగడం మొదలైంది.

"బాబూ, మా అమ్మాయి డాక్టరు. సాయంత్రం ఖాళీయేనా?"

"ఎవరావిడ?" అంది పక్కనున్న వెన్‌జింగ్.

"తెలీదు!"

"ఇందాకటావిడ?"

"ఆవిడా తెలీదు!"

"ఊళ్లో ఆడాళ్లందరికీ నువ్వు తెలుసు, నీకు మాత్రం ఎవరూ తెలీదు! పద, మీ అమ్మ ముందే తేల్చుకుంటా!"

పార్కులో పక్క గొడుగు తాలూకు షెన్ గారు జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "జరగండమ్మా! చెల్లెమ్మా, అడిగినవాళ్లందరికీ చెప్పేస్తే పిల్లాడు చులకనైపోడూ? ఇది పెళ్లిసంబంధాల చోటు."

సువర్చలమ్మ నాలిక్కరుచుకుంది. "అయ్యో అక్కా, మావాడికి కుదిరిపోయింది! ఆ పిల్ల తల్లిని చూడ్డానికే వచ్చా. గయ్యాళట."

"నాదీ అదే గతి. మా పిల్ల ఆఫీసులో ఎవణ్ణో చూసుకుంది. ఇవాళ వెళ్లి వద్దని చెప్పొస్తా. అందుకే గొడుగు తియ్యలేదు. వాడి తల్లికి నోరెక్కువట."

"పాపం," అంది సువర్చలమ్మ మనస్ఫూర్తిగా.

షెన్ గారు మారు పులిహోర పెట్టించుకుని ఫొటో చూసింది. "పరదేశీ అయితేనేం, కళ్లలో మంచితనముంది. వంటొచ్చా?"

"నాకంటే బాగా చేస్తాడు."

"మా దానికి రాదు. ఆ రెండు సంబంధాలూ వదిలేసి మనం మనం కలుపుకుందాం!"

సువర్చలమ్మ కళ్లు చెమర్చాయి. షెన్ గారు ఎంతో నచ్చింది మరి. "వద్దక్కా. మావాడికి ఆ పిల్లంటే ప్రాణం. తల్లి రాక్షసైనా సర్దుకుపోతా."

షెన్ గారు నిట్టూర్చింది. "నీలాంటి అత్తగారు దొరకొద్దూ మా పిల్లకి!"

అంతలో గేటువైపు నుంచి ఇద్దరు పోట్లాడుకుంటూ పరుగున వచ్చారు.

"అమ్మా!" అన్నాడు విహారి.

"అమ్మా!" అంది వెన్‌జింగ్.

షెన్ గారు అబ్బాయిని చూసింది, ఫోన్లో ఫొటోను చూసింది. "చెల్లెమ్మా, ఆ గయ్యాళిని నేనే."

"నోరెక్కువదాన్ని నేనే అక్కా," అంది సువర్చలమ్మ.

షెన్ గారు వంగి తన గొడుగు ముడిచేసింది.

అది ప్రేమ పెళ్లని ఎవరైనా అంటే వియ్యపురాళ్లిద్దరూ ఇప్పటికీ ఒప్పుకోరు, కుదిర్చింది తామేనంటారు.