మూత లేని చోట మూడు కెమెరాలు

సైకిల్ ట్రాక్ మీద నోరు తెరుచుకుని ఉన్న ఆ మ్యాన్‌హోల్‌కి బాధ్యులు వానలు కావు, మూత ఎత్తుకుపోయిన దొంగా కాదు. సర్కారు సైకిల్ మిషన్ వారూ, మీరే! అయినా ఏసీ గదిలో కూర్చుని మీరు చేసిన సేవ మామూలుది కాదు. జరిగింది జరిగినట్టు చెప్పకపోతే జనం మిమ్మల్ని మర్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే చెబుతున్నాం.

మొదట మంత్రిగారి ప్రకటన. మాదాపూర్‌లో ఒక కన్వెన్షన్ హాల్లో, పూలదండ వేసిన సైకిల్ పక్కన నిలబడి ఆయన సెలవిచ్చారు: "ఐటీ కారిడార్‌లో ఇకనుంచి ప్రతి సైకిలిస్టూ ఒక కదిలే సాక్షి! ట్రాక్ బాగాలేదని ఊరికే అంటే కుదరదు. సైకిల్ మీద వెళ్తూ తీసిన వీడియో పెట్టాలి. సామాన్యుడి కోసం అందుబాటు ధరలో, హ్యాండిల్‌కి బిగించే మంచి యాక్షన్ కెమెరాను ప్రభుత్వమే ఎంపిక చేస్తుంది!"

హాలు దద్దరిల్లింది. బయట కార్లన్నీ సైకిల్ ట్రాక్ మీదే ఆపి ఉన్నాయి. పాపం, వేరే చోటు దొరకలేదు.

చప్పట్లు కొట్టని మనిషి ఒక్కతే, యశస్విని. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. నిజాంపేట నుంచి రోజూ సైకిల్ మీదే ఆఫీసుకొస్తుంది. ఆ మ్యాన్‌హోల్ ఫొటోలు అప్పటికే ఎన్నోసార్లు పంపింది. "ఫొటోలో ట్రాక్ కదలడం లేదు కనుక ఫిర్యాదు మూసివేయడమైనది" అని జవాబొచ్చింది. ఫిర్యాదును మూసినంత చురుగ్గా గుంతను మూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆమె తొందరకు కారణం వాళ్ళ నాన్న పోచయ్య. మాదాపూర్‌లో ఒక ఆఫీసు టవర్ దగ్గర సెక్యూరిటీ గార్డు. పొద్దున షిఫ్టుకు తెలతెలవారుతుండగానే అదే ట్రాక్ మీద సైకిల్ తొక్కుకుంటూ పోతాడు. చూపు ఇదివరకటిలా లేదు.

"నాన్నా, జర రోడ్డు మీదికెల్లి పోవొచ్చు గద?"

"రోడ్డు మీద క్యాబులోళ్ళు బతకనిస్తరా బిడ్డా? ఫికర్ చెయ్యకు. సక్కుబాయి ఆ గుంతల యాపకొమ్మ పెట్టింది, ఎర్రగుడ్డ గూడ కట్టింది. కొమ్మ కనవడంగనే హ్యాండిల్ తిప్పుత."

సక్కుబాయిది ఆ గుంత పక్కనే జొన్నరొట్టెల బండి. మొత్తం కారిడార్‌కి రోడ్డు భద్రతా శాఖ ఆమే.

కెమెరా ఎంపిక కమిటీ ఏర్పడింది. మిషన్ డైరెక్టర్ రవికిరణ్ గారు అధ్యక్షులు. మంత్రిగారి పార్టీ యువజన నాయకుడు దినేశ్ సభ్యుడు. సైకిల్ తొక్కే మనిషి ఒక్కరైనా లేకపోతే బాగుండదని యశస్వినిని వాడుకదారుల ప్రతినిధిగా తీసుకున్నారు.

"ముందు ఒకటి తేలాలండీ," అన్నారు రవికిరణ్ గారు గంభీరంగా. "అందుబాటు ధర అంటే ఎవరికి అందుబాటు?"

"మనకైతే అన్నీ అందుబాటులనే ఉన్నయి సార్," అన్నాడు దినేశ్.

చిక్కు ప్రశ్న. ఉపసంఘం వేశారు.

టేబుల్ మీద మూడు కెమెరాలున్నాయి. యశస్విని చదివి, అడిగి తెలుసుకున్నదంతా చెప్పింది. "పేరు చూసి కొనొద్దు సార్. మన రోడ్లకు స్టెబిలైజేషన్ ముఖ్యం, లేకుంటే వీడియో అంతా ఊగుతది. వానల తడిసినా పనిచెయ్యాలె. ఇల్లు చేరేదాక బ్యాటరీ ఉండాలె. ఫోర్‌కే గీర్‌కే వద్దు, ముందున్న బండి నంబరు చదవొస్తే చాలు."

"వైడ్ యాంగిల్ల మంత్రి సార్ లావు కనవడుతడా అక్కా? గది జర చూడు," అన్నాడు దినేశ్.

పరీక్షలు ఆ పాటికే మొదలయ్యాయట. ఒక కెమెరాను ఆఫీసు వరండాలో, ఒకదాన్ని ఫ్లైఓవర్ మీద డైరెక్టర్ గారి కారులో, మూడోదాన్ని వారింటి సత్యనారాయణ వ్రతంలో పరీక్షించారు.

"గిట్ల ఎట్ల సార్?" అంది యశస్విని. టెస్టర్ బుద్ధి ఊరుకోదు కదా. "మూడింటినీ ఒక్కటే చోట, ఒక్కటే తీరుగ చూడాలె. ఆ మ్యాన్‌హోల్ కాడ పెట్టండ్రి. టెస్టింగ్ అయిపోయేదాక ఎన్విరాన్‌మెంట్, అంటే ఆడ ఉన్నది ఉన్నట్టు, ముట్టుకోవద్దు. ముట్టుకుంటే రిజల్ట్ చెల్లదు."

సార్లు ఆ గుంతను కళ్ళారా చూస్తే సిగ్గుతోనైనా మూత వేయిస్తారని ఆమె ఆశ. మిషన్ వారిని ఆమె అంత తక్కువగా అంచనా వేసింది.

"అద్భుతమండీ!" అని రవికిరణ్ గారు ఒప్పుకున్నారు. కమిటీలో మిగతా ఎవరికీ సైకిల్ రాదు కాబట్టి, గుంత పక్కన సైకిల్‌కి స్టాండ్ వేసి, హ్యాండిల్‌కి మూడు కెమెరాలూ బిగించారు. సైకిల్ కదలకపోవడంతో మూడింటి స్టెబిలైజేషనూ అమోఘంగా వచ్చింది.

ఆ వారమే ఒక వింత జరిగింది. పనివాళ్ళు నిజంగానే ట్రాలీలో మూత తెచ్చారు. మిషన్ వారు వచ్చినవాళ్ళను వచ్చినట్టే పంపించేశారు. యశస్విని రవికిరణ్ గారి దగ్గరికి పరుగున పోయింది.

"సార్, వచ్చిన మూత ఎందుకు వాపస్ పంపిన్రు?"

"ఎన్విరాన్‌మెంట్ ముట్టుకోవద్దన్నది మీరే కదండీ?"

"అది సాఫ్ట్‌వేర్ల సార్! ఈడ మనుషులు పడతరు!"

"ఆవేశపడకండి. మూత వేస్తే టెస్ట్ చెల్లదు. టెస్ట్ చెల్లకపోతే కెమెరా లేదు. కెమెరా లేకపోతే వీడియో లేదు. వీడియో లేకుండా మూత ఎలా వేస్తామండీ?"

గుంత దగ్గర బోర్డు కూడా పెట్టారు: 'టెస్ట్ ఎన్విరాన్‌మెంట్. మార్పులు నిషేధం.' ఫ్రేమ్‌లోకి రాకుండా దాన్ని గోడ వైపు తిప్పారు.

చివరి మీటింగ్ రోజు ఉదయం యశస్విని ఫోన్ ఆగకుండా వణుకుతోంది. అమ్మ లచ్చమ్మ. మీటింగయ్యాక చేద్దామని బోర్లించి పెట్టింది.

"ఒకే ఒక్క ఇబ్బంది ఉండిందండీ," అన్నారు రవికిరణ్ గారు. "ఎవరో గుంతలో కొమ్మ పెట్టారు. ఫ్రేమ్‌కి అడ్డం. నిన్న సాయంత్రం పీకించేశాం."

యశస్విని కుర్చీ ముందుకు లాక్కుంది. "కొమ్మ పీకితే ఎన్విరాన్‌మెంట్ మారినట్టు కాదా సార్?"

"కొమ్మ ఎన్విరాన్‌మెంట్ కాదండీ, అడ్డంకి. ఇక చూడండి, ఈ పొద్దుటిదే. మూడో కెమెరా."

తెర మీద మసక వెలుతురు. దూరం నుంచి ఒక సైకిల్ వచ్చింది. నీలం యూనిఫాం. తిన్నగా వచ్చింది, ఎటూ తిప్పలేదు. ముందు చక్రం గుంతలోకి దిగిపోయింది. మనిషి ఎగిరి అవతల పడ్డాడు. సక్కుబాయి రొట్టెను పెనం మీదే వదిలి ఉరికొచ్చింది. "అయ్యో అన్నా! ఎవరన్న రాండ్రి!"

"ఆడియో విన్నారా? ఒక్క అక్షరం పోలేదు," అన్నారు రవికిరణ్ గారు.

"తక్కువ లైట్ల గింత క్లారిటీ అంటే మామూలు ముచ్చట కాదు సార్," అన్నాడు దినేశ్. "ధర గూడ అగ్గువ."

బొమ్మను ఆపి పెద్దది చేశారు. "జేబు మీద పేరు పట్టీ కూడా కనిపిస్తోంది. వాడుకదారుల ప్రతినిధిగా మీరు చదవాలండీ. చదవగలిగితే ఎంపిక పూర్తయినట్టే."

ఫోన్ మళ్ళీ వణికింది.

"పోచయ్య," అని చదివింది యశస్విని.

చప్పట్లు మోగాయి. మూడో కెమెరా ఏకగ్రీవంగా గెలిచింది.

"ఏమైందక్కా, అట్ల లేస్తివి? మిఠాయి వస్తది గద!" దినేశ్ మాట పూర్తికాకముందే ఆమె గది దాటింది.

దవాఖానలో పోచయ్య కాలికి కట్టు కట్టారు. తొడ ఎముక విరిగింది. "కొమ్మ కోసమే చూస్కుంట పోయిన బిడ్డా," అన్నాడు. "కనవడలే."

సాయంత్రం ఆమె గుంత దగ్గరికి పోయింది. సక్కుబాయి విరిచిచ్చిన కొత్త వేపకొమ్మ పట్టుకుని, గుంత ముందు నిలబడింది. మంత్రిగారి లాంచ్ కోసం గెలిచిన కెమెరా ఇంకా అక్కడే ఉంది, దాని బొమ్మ నేరుగా మిషన్ ఆఫీసు తెర మీదికి పోతోంది. కాసేపటికి ఫోన్ మోగింది. రవికిరణ్ గారు.

"కొంచెం పక్కకి జరుగుతారా అండీ? ఫ్రేమ్‌కి అడ్డం వస్తున్నారు."

ఆమె జరగలేదు. ఇంకా అక్కడే ఉంది. సార్లూ, మూత ఎక్కడుందో మీకు తెలుసు, వాపస్ పంపింది మీరే. పొద్దుగూకేలోపు తెచ్చి వెయ్యండి. మీ చేతులతో మోసుకొచ్చి వెయ్యండి. వీడియో తర్వాత చూసుకుందాం.